మరకలో మాణిక్యం

పాలగిన్నె అడుగంటితే ఏం చేస్తాం? కాసేపు నానబెట్టి, పీచుతో బరబరా తోమేస్తాం. అంతేకానీ ఆ మరకమీద లైటు వేసి, ఏ రంగులో మెరుస్తుందో చూద్దామని ఎవరైనా అనుకుంటారా?

1956లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లోనూ అనుకోలేదు. అక్కడ ఆర్థర్ ఉలిర్ అనే పరిశోధకుడు సిలికాన్ పలకల్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి, కరెంటు పంపి, నునుపు చేసే ప్రయత్నంలో ఉన్నారు. పలక అద్దంలా మెరవాలన్నది ఆశ. కొన్నిసార్లు మెరిసేది. మరికొన్నిసార్లు మెరవకపోగా నల్లగానో, గోధుమరంగులోనో, ఎర్రగానో ఓ పొర పట్టేది. ఆ సంగతి రాసిపెట్టారు. తర్వాత దాని గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

సరిగ్గా 34 ఏళ్ల తర్వాత, 1990లో, ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్ పట్టణంలో లీ క్యానమ్ అనే శాస్త్రవేత్త అలాంటి పొరనే పనిగట్టుకుని తయారుచేశారు. దానిమీద ఆకుపచ్చ, నీలం లేజర్ కాంతి పడేలా చేశారు. ఎంత కాంతి? ఒక మిల్లీవాట్ కూడా లేదు. ఆ పొర ఎర్రగా వెలిగింది. ఏ యంత్రమూ అక్కర్లేకుండా మామూలు కంటికి కనిపించేంతగా!

అదేమంత విశేషం అనుకుంటున్నారా? వెలిగింది సిలికాన్ మరి. గొడ్డుపోయిందని అందరూ వదిలేసిన చెట్టు కాయ కాసినంత పని.

తాళంచెవి అందని పిల్లాడు

మన ఫోన్లోనూ, టీవీలోనూ, బ్యాంకు కార్డులోనూ ఉండే చిప్‌లన్నీ దాదాపుగా సిలికాన్‌తోనే తయారవుతాయి. కానీ అదే ఇంట్లో వెలిగే ఎల్ఈడీ బల్బులో కాంతినిచ్చేది సిలికాన్ కాదు, గాలియం నైట్రైడ్. ఇసుకలోంచి దొరికే చవకైన సిలికాన్‌ని వదిలి, వేరే పదార్థాల వెంట పడటానికి కారణం ఉంది.

ఇంటర్లో ఫిజిక్స్ చదివినవాళ్లకి అర్ధవాహకాల పాఠం గుర్తుండే ఉంటుంది. వాటిలో ఎలక్ట్రాన్లకి రెండు అంతస్తులు. కింది అంతస్తులోని ఎలక్ట్రాన్‌కి తగినంత శక్తి అందితే పై అంతస్తుకి వెళ్తుంది. అది ఖాళీ చేసిన చోటుని రంధ్రం అంటారు. పైకెళ్లిన ఎలక్ట్రాన్ మళ్లీ రంధ్రంలోకి దిగినప్పుడు ఆ తేడా శక్తి కాంతిగా బయటికి రావాలి. వస్తుందా? అదే తిరకాసు.

అమ్మ డాబామీద ఉంది. కింద ఉన్న పిల్లాడికి తాళంచెవి వేయాలి. పిల్లాడు సరిగ్గా పిట్టగోడ కిందే నిలబడితే నేరుగా దోసిట్లో పడుతుంది. గాలియం ఆర్సెనైడ్, గాలియం నైట్రైడ్ లాంటి పదార్థాల్లో జరిగేది ఇదే. అందుకే అవి చక్కగా వెలుగుతాయి. సిలికాన్‌లో మాత్రం పిల్లాడు పక్కసందులో ఉంటాడు. నేరుగా వేస్తే అందదు. మధ్యలో ఇంకొకరు అందుకుని అందించాలి. ఆ మూడో మనిషి పాత్ర స్ఫటికంలోని పరమాణువుల కంపనాలది. ముగ్గురికీ ఒకేసారి కుదిరేది ఏ కాస్తో. ఈలోపు ఎలక్ట్రాన్ దారితప్పి, శక్తినంతా వేడిగా పోగొట్టుకుంటుంది. భౌతికశాస్త్రం భాషలో చెప్పాలంటే ఎలక్ట్రాన్, రంధ్రాల ద్రవ్యవేగాలు సరిపోవు.

పైగా ఎప్పుడైనా కాంతి వచ్చినా అది మన కంటికి కనపడదు. లెక్క చాలా సులువు, పిల్లలతో చేయించండి. 1240ని అంతస్తుల మధ్య శక్తితో, అంటే ఎలక్ట్రాన్ వోల్టులతో భాగిస్తే కాంతి తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది. సిలికాన్‌లో ఆ తేడా సుమారు 1.1. భాగిస్తే 1100 పైచిలుకు. అది పరారుణ కాంతి. మన కన్ను చూడగలిగేది దాదాపు 400 నుంచి 700 దాకానే. ఎర్రగా వెలగాలంటే తేడా 1.8 దాకా పెరగాలి.

మరి మాల్వెర్న్‌లోని పలకకి ఆ అదనపు 0.7 ఎక్కడి నుంచి వచ్చింది?

వీణ మెట్లు చెప్పే రహస్యం

వీణ వాయించేవాళ్లని గమనించండి. తీగ అదే, బిగువూ అదే. వేలు ఒక్కో మెట్టూ దాటుకుంటూ కిందికి వచ్చేకొద్దీ స్వరం పైకి వెళ్తుంది. మోగే తీగ పొడవు తగ్గుతోంది కాబట్టి.

ఎలక్ట్రాన్‌కి కూడా తరంగ స్వభావం ఉంది. విశాలమైన సిలికాన్ దిమ్మలో అది మైదానంలో వదిలిన పిల్లాడిలాంటిది. అదే సిలికాన్‌ని కొన్ని నానోమీటర్ల మందం ఉన్న తీగగా చెక్కామనుకోండి. పొడవునా ఎంత దూరమైనా పరిగెత్తొచ్చు కానీ, అటూ ఇటూ, పైనా కిందా గోడలే. ఇరుకు పెరిగేకొద్దీ, వీణ స్వరంలాగే, ఎలక్ట్రాన్ శక్తి పెరుగుతుంది. పై అంతస్తు ఇంకాస్త పైకీ, కింది అంతస్తు ఇంకాస్త కిందికీ జరిగినట్టు అవుతుంది. శక్తి తేడా పెరిగితే కాంతి రంగు పరారుణం నుంచి ఎరుపుకీ, ఎరుపు నుంచి పసుపుకీ, నీలానికీ జరగాలి. పదార్థం మార్చకుండా మందం మార్చి రంగు మార్చడమన్నమాట! ఇలాంటి తీగనే క్వాంటమ్ తీగ అంటారు. అన్ని వైపులా గోడలు కట్టేస్తే అది క్వాంటమ్ చుక్క. ఈ చుక్కల పరిశోధనకే 2023లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఎంత సన్నగా ఉండాలో కాగితంమీదే ఒక అంచనా వేయొచ్చు. ఎలక్ట్రాన్‌ని గట్టి గోడల పెట్టెలో పెట్టినట్టు ఊహించుకుంటే అదనపు శక్తి మందం వర్గానికి విలోమంగా ఉంటుంది. మందం సగమైతే అదనపు శక్తి నాలుగింతలు. సిలికాన్ అంకెలు వేసి చూస్తే 3 నానోమీటర్ల దగ్గర అర ఎలక్ట్రాన్ వోల్ట్ అటూ ఇటూగా అదనం వస్తుంది. అంటే ఎర్రటి కాంతి కావాలంటే తీగ మందం 3 నానోమీటర్ల లోపే ఉండాలి. మన తలవెంట్రుక అడ్డంగా అలాంటివి పాతికవేల తీగలు పక్కపక్కనే పేర్చొచ్చు.

ఇంత సన్నటి తీగని ఏ ఉలితో చెక్కుతారు? క్యానమ్ చెక్కలేదు, తినిపించారు. చెదలు పట్టిన గుంజని చూశారు కదా! లోపలంతా తొలిచేశాక సన్నటి పుల్లల్లా కొంత కర్ర మిగులుతుంది. అలాగే ఆమ్లమూ, కరెంటూ కలిసి సిలికాన్ పలకలో కోట్లాది సూక్ష్మ రంధ్రాలు తొలిచాయి. తర్వాత దాన్ని ఆమ్లంలోనే నానబెడితే రంధ్రాలు వెడల్పయి, ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. మధ్యలో మిగిలినవే తీగలు. (ఈ ఆమ్లం చర్మంలోంచి దిగి ఎముకదాకా హాని చేస్తుంది. ప్రయోగశాలల్లోనూ నానా జాగ్రత్తలు తీసుకుంటేగానీ ముట్టుకోరు.) మరుసటి ఏడాదే జర్మన్ శాస్త్రవేత్తలు లేమన్, గోసెలె కూడా వేరే దారిలో వెళ్లి, ఇది క్వాంటమ్ తీగల ప్రభావమేనని ప్రకటించారు. బెల్ లేబొరేటరీస్ మరకలో ఉన్న మాణిక్యం అలా బయటపడింది.

‘మోడలింగ్ చేస్తోందండీ!’

అసలు క్వాంటమ్ తీగ అన్నది ముందు పుట్టింది కూడా కాగితంమీదే. అంత ఇరుకైన అర్ధవాహక తీగలో ఎలక్ట్రాన్లు పక్కకి చెదిరిపోయే అవకాశం తగ్గి, వేగంగా సాగిపోతాయని 1980లో జపాన్ శాస్త్రవేత్త హిరోయుకి సకాకి లెక్కకట్టి చెప్పారు. అప్పటికి అలాంటి తీగని చేతిలో పట్టుకున్నవాళ్లు లేరు.

ఈ లెక్కలు కట్టడాన్నే ఇప్పుడు మోడలింగ్ అంటున్నారు. దాంతో వచ్చే చిక్కులు వేరే. ఆ మధ్య ఓ పెళ్లిలో నా పక్క వరసలో కూర్చున్న ఇద్దరి మాటలు చెవిన పడ్డాయి. ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది వదినా?’ ‘పీహెచ్‌డీ. మోడలింగ్ చేస్తోంది.’ ‘అయ్యో... మరి అన్నయ్యగారు ఒప్పుకున్నారా?’ ఆ తల్లి తేరుకుని, ‘ఆ మోడలింగ్ కాదొదినా, కంప్యూటర్లో... ఏవో తీగలు’ అని ఆగిపోయింది. తర్వాత ఏం చెప్పాలో ఆవిడకీ తెలియలేదు.

చెప్పాల్సింది చాలానే ఉంది. పెట్టెలో పెట్టిన ఎలక్ట్రాన్ లెక్క తొలి అంచనాకి సరిపోతుంది. కానీ 3 నానోమీటర్ల తీగలో గోడలేమీ సున్నం కొట్టినంత నున్నగా ఉండవు. అడ్డంగా చూస్తే పరమాణువుల వరసలు వేళ్లమీద లెక్కపెట్టేన్నే. కాబట్టి ఒక్కో పరమాణువునీ లెక్కలోకి తీసుకోవాలి. అలాగని మైలు పొడవు తీగని కంప్యూటర్లో పెట్టక్కర్లేదు. గడప ముందు ముగ్గేసేటప్పుడు ఒక పువ్వు వేసి, అదే పువ్వుని పొడవునా వేసుకుంటూ పోతారు కదా! తీగ కూడా అంతే. అర నానోమీటరు పైచిలుకు పొడవున్న ముక్క తీసుకుంటే చాలు, మిగతాదంతా దాని పునరావృతమే. 3 నానోమీటర్ల చదరపు తీగలో ఆ ముక్కకి సుమారు 240 సిలికాన్ పరమాణువులు. ఒక్కోదానికి బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లు. మొత్తం వెయ్యికి దగ్గర. ప్రతి ఎలక్ట్రానూ మిగతా అన్నిటినీ తోస్తూనే ఉంటుంది!

వెయ్యిమందినీ విడివిడిగా వెంబడించడం ఏ కంప్యూటర్‌కీ సాధ్యం కాదు. అందుకని జాతరలో పోలీసులు చేసినట్టు చేస్తారు. ఎవరు ఎక్కడున్నారన్నది వదిలేసి, ఎక్కడ ఎంత రద్దీ ఉందో చూస్తారు. ఎలక్ట్రాన్ల రద్దీని బట్టి శక్తిని లెక్కించే ఈ పద్ధతికి పునాది వేసిన వాల్టర్ కోన్‌కి 1998లో నోబెల్ బహుమతి దక్కింది.

ఇందులోనూ ఓ లోపం ఉంది. ఈ పద్ధతి మామూలు రూపంలో వాడితే సిలికాన్ అంతస్తుల తేడా 1.1 బదులు సుమారు 0.5 అనే చెబుతుంది. అంటే తూకంరాయి తక్కువ బరువుంది. ఎంత తక్కువో తెలుసు కాబట్టి లెక్క కట్టేవాళ్లు ఆ మేరకు సరిచేసుకుంటారు, లేదంటే ఇంకా శ్రమతో కూడిన పద్ధతులకి వెళ్తారు. కంప్యూటర్ చెప్పింది కదా అని కళ్లు మూసుకుని నమ్మేయడం ఈ వృత్తిలో కుదరదు.

1992లో క్యానమ్ కూడా ఉన్న ఒక బృందమూ, మరికొన్ని బృందాలూ సిలికాన్ తీగలకి ఇలాంటి లెక్కలు కట్టాయి. తీగ సన్నబడితే శక్తి తేడా పెరుగుతుందని తేలింది. అయితే పెట్టె లెక్క చెప్పినంత జోరుగా కాదు. మరో చక్కటి సంగతీ బయటపడింది. కొన్ని దిశల్లో సాగే తీగల్లో ఆ పిల్లాడు పక్కసందు వదిలి పిట్టగోడ కిందికి వచ్చేస్తున్నాడు! కాకపోతే దోసిలి పూర్తిగా పట్టడు. అందుకే కాంతి వస్తుంది కానీ నింపాదిగా వస్తుంది. గాలియం ఆర్సెనైడ్ నానో సెకన్లలో చేసే పనికి ఈ తీగలకి మైక్రో సెకన్లు కావాలి. అంటే వెయ్యింతలు ఆలస్యం.

లెక్క తప్పిన చోట

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటు. 1992లోనే జర్మనీలోని స్టుట్‌గార్ట్ శాస్త్రవేత్తలు అడ్డం తిరిగారు. ‘వెలుగుతున్నది తీగలు కావు, సిలోక్సీన్ అనే పదార్థం’ అన్నారు. సిలికాన్, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన సమ్మేళనం అది. ఆమ్లంలో నానినప్పుడు పైన పేరుకుని ఉండొచ్చన్నది వాళ్ల వాదన. తగవు ఏళ్ల తరబడి సాగింది.

తీగలవైపు మాట్లాడేవాళ్లనీ ఓ ప్రశ్న వేధించేది. తీగ ఇంకా ఇంకా సన్నబడితే రంగు నీలం దాకా వెళ్లాలని లెక్క చెబుతోంది. ప్రయోగంలో మాత్రం నారింజరంగు దగ్గరకొచ్చి మొరాయిస్తోంది. ఎంత సన్నం చేసినా అంతే. అయితే లెక్క తప్పా, ప్రయోగం తప్పా?

రెండూ కాదని 1999లో తేలింది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ ఫోషే బృందం నమూనాలకి గాలి తగలకుండా జాగ్రత్తపడి, మళ్లీ చూసింది. ఈసారి పరిమాణం తగ్గేకొద్దీ కాంతి పరారుణం నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం దాటి అతినీలలోహితం దాకా సాగింది. లెక్క ఒప్పే! ఆక్సిజన్ తగలగానే మాత్రం రంగు వెనక్కి, ఎరుపువైపు జారిపోయింది. ఆ జారుడు కొన్నిటిలో ఏకంగా 1 ఎలక్ట్రాన్ వోల్ట్ దాకా ఉంది.

ఎందుకలా? పాత లెక్కల్లో తీగ ఉపరితలమంతా హైడ్రోజన్ పరమాణువులు బుద్ధిగా కప్పి ఉన్నాయని అనుకున్నారు. కానీ గాలిలో ఉన్నప్పుడు ఆక్సిజన్ వచ్చి సిలికాన్‌తో బంధం కట్టుకుంటుంది. ఆ బంధం రెండు అంతస్తుల మధ్యలో కొత్తగా ఓ మెట్టు కడుతుంది. ఎలక్ట్రాన్ పైనుంచి దూకకుండా ఆ మెట్టుమీద దిగి, అక్కడి నుంచి దూకుతుంది. ఎత్తు తగ్గింది కాబట్టి రంగు ఎరుపు. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఆక్సిజన్‌ని చేర్చి మళ్లీ లెక్క కడితే జవాబు ప్రయోగంతో చక్కగా కలిసింది. ఇరుకుతనమూ నిజమే, పైపూత ప్రభావమూ నిజమే. అన్నట్టు, ఆ పలకలోని తీగలు పొడవునా ఒకే మందంలో ఉండవు. దండలో పూసల్లా ఉబ్బుతూ, సన్నబడుతూ ఉంటాయి. ఫోషే బృందం కొలిచింది ఆ పూసల వెలుగునే.

నాకు ఈ కథలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. లెక్క సరిగ్గా కలిసిన ఏడేళ్ల క్రితం కంటే, అది కలవని చోటే ఎక్కువ నేర్పింది. చుట్టూ ఉన్న గాలిని మర్చిపోయారన్న సంగతి, లెక్క లేకపోతే ఎవరికీ తట్టేదే కాదు. ‘నీలం రావాలి, ఎందుకు రావట్లేదు?’ అని అడిగింది ఆ లెక్కే కదా!

చుట్టూ ఉన్నదాన్ని బట్టి తీగ తీరు మారుతుందనడానికి ఇంకో ఉదాహరణ ఉంది. 2001లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ బృందం ఇండియం ఫాస్ఫైడ్ నానో తీగల్ని ఒక్కొక్కటిగా పరిశీలించింది. వాటి నుంచి వచ్చే కాంతి దాదాపుగా తీగ పొడవు దిశలోనే కంపిస్తోంది. తీగకీ, దాని చుట్టూ ఉన్న గాలికీ విద్యుత్ స్వభావంలో ఉన్న పెద్ద తేడాయే దీనికి ప్రధాన కారణమని సాధారణ విద్యుదయస్కాంత సూత్రాలతోనే లెక్క తేల్చింది. అన్నిటికీ క్వాంటమ్ మంత్రం వేయక్కర్లేదన్నమాట.

ముందు లెక్క, తర్వాతే తీగ

ఇంత కష్టపడి సిలికాన్‌ని వెలిగించడం ఎందుకు? ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కాసేపు పనిచేస్తే తెలుస్తుంది. చిప్‌లోపల సమాచారం రాగి తీగల్లో కరెంటుగా పరిగెడుతుంది. ఆ పరుగులో కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. వేలాది కంప్యూటర్లు ఒకేచోట ఉండే డేటా సెంటర్లలో ఆ వేడిని చల్లార్చడానికి మళ్లీ కరెంటు పోయాలి. సమాచారాన్ని కాంతిగా పంపితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కాంతినిచ్చే దీపం కూడా అదే చిప్‌మీద, అదే కుటుంబానికి చెందిన పదార్థంతో తయారైతే అంతకన్నా కావాల్సిందేముంది?

క్యానమ్ పలక ఆ దీపం కాలేకపోయింది. దాని కాంతి నెమ్మది, గాలి తగిలితే గుణం మారుతుంది. కానీ దారి మూసుకుపోలేదు. సిలికాన్, జెర్మేనియం పరమాణువులు మామూలుగా ఘనాకార అమరికలో ఉంటాయి. జెర్మేనియాన్ని షట్కోణ అమరికలోకి మార్చగలిగితే పిల్లాడు నేరుగా పిట్టగోడ కిందికి వస్తాడని లెక్కలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. మార్చడమే చాలా కష్టం. 2020లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎరిక్ బాకర్స్ బృందం ఆ పని చేసి చూపించింది. షట్కోణ అమరిక ఉన్న గాలియం ఆర్సెనైడ్ నానో తీగని అచ్చులా పెట్టుకుని, దానిమీద సిలికాన్, జెర్మేనియం మిశ్రమాన్ని తొడుగులా పెంచారు. అచ్చు ఎలా ఉందో తొడుగూ అలాగే పెరిగింది. అంతే, చక్కగా వెలిగింది. నానో సెకన్‌కన్నా తక్కువ సమయంలోనే! ఈ తీగలు క్యానమ్ తీగలంత సన్నవి కావు, వాటి వెలుగుకి కారణం ఇరుకుతనం కాదు, అమరిక. కాంతి కూడా పరారుణమే, కంటికి కనపడదు. ఫర్వాలేదు, చిప్‌లో దాన్ని చూడాల్సింది మన కళ్లు కాదు కదా!

ఎలక్ట్రాన్లని ఇరుకులో పెట్టి నడిపించే విద్య అయితే ఇప్పటికే మన చేతుల్లోకి వచ్చేసింది. 2022లో శాంసంగ్ ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్తతరం చిప్‌లలో ట్రాన్సిస్టర్ల లోపల కరెంటు సాగేది కొన్ని నానోమీటర్ల మందం ఉన్న సిలికాన్ పట్టీల్లోనే. అలాంటి కొలతల్లో ఒక వరస పరమాణువులు అటూ ఇటూ అయినా గుణం మారిపోతుంది. కోట్లు పోసి తయారుచేశాక ‘అయ్యో’ అనుకోవడం కన్నా, ముందే కంప్యూటర్లో తయారుచేసి చూసుకోవడం మేలు కదా!

ఆ రోజు పెళ్లిలో ఆ తల్లికి ఈ మాట చెబుదామనుకున్నాను. ఈలోపు భోజనాలకి పిలిచారు. బహుశా ఆవిడ ఈ పేజీ చదువుతారేమో. అమ్మా, ఈసారి ఎవరైనా అడిగితే నసగకండి. ‘మా అమ్మాయి ఇంకా పుట్టని తీగల జాతకం రాస్తోంది. తప్పితే ఎందుకు తప్పిందో కూడా తనే చెబుతుంది’ అనండి. జాతకాలు రాసేవాళ్లలో అలా చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారు?